కార్డులో దాచిన బొమ్మను చూసేదెవరు?

గుర్తింపు కార్డుకి కొత్త సెక్యూరిటీ ఫీచర్ వచ్చిందని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఒకటే డౌటు. దాన్ని చూసేదెవరు?

ధ్రువణం సంగతే తీసుకోండి. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని తల పక్కకి వంచితే కొన్ని ఫోన్ స్క్రీన్లు నల్లబడిపోతాయి కదా, అదే. ధ్రువణం అంటే కాంతి తరంగం ఒకే దిశలో ఊగడం. ఆ దిశ ఏదో మన కంటికి దాదాపుగా తెలియదు. 1808లో పారిస్‌లో మాలుస్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, ఎదురుగా ఉన్న లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీల్లో మెరుస్తున్న సూర్యుణ్ణి కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే ఆ మెరుపు హెచ్చుతగ్గులవడం గమనించాడు. అద్దం మీద పడి తిరిగొచ్చిన కాంతికి ధ్రువణం ఉండటమే దానికి కారణం.

ఇప్పుడు ఆ గుణాన్నే కార్డులో దాస్తున్నారు. లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ (అణువులు వరసగా ఒక దిశకి తిరిగి నిలిచే ఒక రకం ప్లాస్టిక్) పలుచటి పొరలో అణువుల్ని ఒకచోట ఒక దిశకి, పక్కచోట ఇంకో దిశకి పేరుస్తారు. ఉత్త కంటికి కనిపించేది మామూలు ప్లాస్టిక్కే. ధ్రువణ ఫిల్టర్ (ఒక దిశలో ఊగే కాంతినే వదిలేది) పెట్టి చూస్తే మాత్రం బొమ్మ తేలుతుంది. ఫిల్టర్‌ని తిప్పితే అందులో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది! జిరాక్స్ మెషీన్, స్కానర్ వెలుగునీ రంగునీ పట్టుకుంటాయి గానీ, ఊగే దిశ వాటికి పట్టదు. కాపీలో ఆ బొమ్మ రాదు. నిజంగా ముచ్చటైన ఉపాయం, కాదనను.

అలాగని దొంగలు చేతులు ముడుచుకు కూర్చోరు. మామూలు సెల్లోటేపు ముక్కలు అతికించి రెండు ఫిల్టర్ల మధ్య పెట్టినా రంగులు కనిపిస్తాయి (ఎప్పుడైనా చేసి చూడండి, పిల్లలు వదలరు). కాబట్టి ‘ఏదో కనిపించింది’ అంటే చాలదు. ఏ బొమ్మ రావాలో, తిప్పితే ఎలా మారాలో చూసేవాళ్లకి తెలిసుండాలి. ఫిల్టర్ అంటే ఖరీదైన యంత్రమేమీ కాదు, ఒక ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క. అదైనా కౌంటర్ దగ్గర ఉందా? ఉంటే, ఎలా వాడాలో అక్కడ కూర్చున్న మనిషికి ఎవరైనా చూపించారా? కార్డు తయారీకి పెట్టిన బుర్రలో పదో వంతు ఇక్కడ పెట్టినా బాగుండేది.

నా మటుకు నాకు జరిగింది చెప్తా. ఒక ఆఫీసులో ఒరిజినల్ కార్డు తీసి చేతికివ్వబోయాను. ఆయన తలెత్తకుండానే, “అది మీ దగ్గరే ఉంచండి, జిరాక్స్ ఇవ్వండి” అన్నారు.