పాలు చాలట్లేదని తేల్చేయకండి
ఆరో వారంలో బిడ్డ గంటగంటకీ పాలకు ఏడిస్తే తల్లికి పాలు తగ్గినట్టు కాదు, ఒక్కసారిగా ఎదిగే సమయం అది అని పసిపిల్లల ఎదుగుదల మీద వచ్చిన వ్యాసంలో రాసిన మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా కూకట్‌పల్లి వైపు ఏ బాలింతను చూడటానికి వెళ్లినా ముందు వినిపించేది ‘పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టమ్మా’ అనే మాటే. మా చెల్లి కూతురు ఆ వయసులో సాయంత్రమైతే చాలు, రొమ్ము వదిలేది కాదు. కాసేపు తాగడం, కునుకు తీయడం, మంచం మీద వేయగానే మళ్లీ పెదాలు చప్పరించడం. అత్తగారికి టెన్షన్, చెల్లికి ఏడుపు. డాక్టరమ్మ అడిగినవి రెండే: రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోస్తోందా, బరువు పెరుగుతోందా? రెండూ బాగానే ఉన్నాయి. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి, మధ్యలో డబ్బా పెడితే ఆ ఊట తగ్గుతుందని చెప్పారు. కొద్దిరోజుల్లో అదే సర్దుకుంది. అయితే ఈ సమయంలో పిల్లలు ఎక్కువగా నిద్రపోతారని రాశారే, అది అందరి విషయంలో జరగదు. మా చెల్లి పాప రాత్రిళ్లు మాటిమాటికీ లేచేది. ఇంకో సంగతి కూడా రాసి ఉండాల్సింది: బిడ్డ మత్తుగా పడి ఉండి పాలే తాగకపోయినా, తడి గుడ్డలు తగ్గినా ఎదుగుదలే అనుకుని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.