లోపలంతా కనపడే లెవెల్ పైపు గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. మీ కుశలం నాకు తెలుస్తూనే ఉంది. రెండు ముక్కలై మా వరండాలో పాత పేపరు మీద పడుకుని ఉన్నారు. నా కుశలమే మొన్న గురువారం చించినాడ వంతెన మీద కాసేపు అటూ ఇటూ ఊగింది.

మిమ్మల్ని మా పాత మారుతి 800కి తగిలించిన రోజు గుర్తుందా? పెట్రోలు పైపు బీటలిచ్చిందని షెడ్డుకి తీసుకెళ్తే, మెకానిక్కు ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో చుట్టగా చుట్టిన మిమ్మల్నీ పట్టుకొచ్చాడు. "ఇది తాపీమేస్త్రులు నీళ్ళు పోసి మట్టం చూసుకునే లెవెల్ పైపు కదరా" అన్నాను. "ఆయ్, ఇదైతే పెట్రోలు వెళ్ళేది కళ్ళముందే కనపడుద్దండి మాస్టారూ" అన్నాడు.

కనపడుద్దండి! ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, ఆ ఒక్క మాటకి పడిపోయాను. మిగిలిన రెండు మీటర్లు కూడా అడిగి మరీ ఇంటికి తెచ్చుకున్నాను.

మొన్న మేనకోడలి సీమంతానికి పాలకొల్లు బయల్దేరాం. వెనక సీట్లో మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో చలిమిడి గిన్నె. దిండి దగ్గర "పెట్రోలు వాసనండీ" అంది. "ముందు ఆటోదిలే" అన్నాను. వంతెన ఎక్కాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే తమరి దర్శనం. మూడు నెలల క్రితం కొబ్బరినీళ్ళలా ఉన్నవారు పసుపు రంగుకి తిరిగారు. వేలితో నొక్కితే ఈతబద్దలా గట్టిగా తగిలారు. క్లిప్పు దగ్గర చుట్టూ చీలిక, అందులోంచి ఒక్కో బొట్టే పెట్రోలు. కాస్త అవతల కాలిపోతున్న ఎగ్జాస్టు.

మీ మెత్తదనం పుట్టుకతో వచ్చింది కాదని నేనే పిల్లలకి చెప్పేవాణ్ణి. మీరు పి.వి.సి. ప్లాస్టిక్కు. దాని నైజం బాత్రూం పైపులా గట్టిగా ఉండడమే. నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలిపితే మెత్తబడుతుంది. పెట్రోలు ముందుగా ఆ నూనెనే కడుక్కుపోతుంది. ఇక మీరు బిగుసుకుని, కుంచించుకుపోయి, క్లిప్పు దగ్గర పట్టు వదిలేసి, వేడి తగిలితే పగులుతారు. పైగా బంకులో పోసేది ఇప్పుడు ఉత్త పెట్రోలు కాదు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్‌ది మొదలైంది, ఇప్పుడు మామూలు పెట్రోలంటే అదే. నా బండి పాతికేళ్ళ పైబడ్డది. దాని అసలు రబ్బర్లకే ఆ సారా పడదు. మీరెంత?

సరే, అదంతా కెమిస్ట్రీ. నాకు మింగుడుపడనిది వేరే. పెట్రోలు కనపడుద్ది అన్నారు. ఎవరికి? మీరు బానెట్ కింద, బానెట్ మూసి, నేను స్టీరింగ్ దగ్గర. ఈ మూడు నెలల్లో నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బానెట్ ఎత్తి మిమ్మల్ని చూసిన పాపాన పోలేదు. ఎత్తి చూసినా ఏం చూడాలి? పెట్రోలు వెళ్తుంటే బండి నడుస్తుంది, వెళ్ళకపోతే ఆగుతుంది. దానికి దర్శనం దేనికి? పైపు పనికిమాలిందైపోతోందని మాత్రం కనపడలేదే! ఒరేయ్, సున్నాకి 40 డిగ్రీల కింద కూడా పెట్రోలు ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుందిరా. నా పెళ్ళాం వెనక సీట్లో కూర్చుని ఉంది. వశిష్ఠ గోదావరి మీంచి గాలి కొట్టబట్టి సరిపోయింది. నువ్వు అద్దంలా మెరుస్తూ కూర్చున్నావు!

క్షమించండి. మర్యాద తప్పాను.

ఎవరో పుణ్యాత్ముడు బండిని తాడు కట్టి పాలకొల్లు దాకా లాగాడు. అక్కడి షాపులో మీ చుట్టాలందరూ పరిచయమయ్యారు. ఒకాయన నీలం రంగు సిలికాన్. చూడ్డానికి జమీందారు, పెట్రోలు తగిలితే ఉబ్బుతాడు, ఆవిరిని బయటికి వదిలేస్తాడు. ఇంకోటి హీటర్ పైపు ముక్క, "ఇదీ రబ్బరేగా సార్" అంటూ. అది నీళ్ళకి బంగారం, పెట్రోల్లో పెరుగులో వేసిన గారె. రాగిగొట్టం వేసుకోమన్న పెద్దమనిషి కూడా తగిలాడు, ఇంజను అదురుడికి రాగి చిట్లుతుందన్న సంగతి ఆయనకి అనవసరం.

చివరికి అడుగున దుమ్ములోంచి ఒక నల్లగొట్టం తీశారు. ఒంటి మీద అచ్చు ఉంది: ఎస్.ఎ.ఇ. జె30 ఆర్9. పెట్రోలు గొట్టాలకిచ్చే గ్రేడు అది. లోపలి పొర ఎఫ్.కె.ఎం. అనే రబ్బరు, షాపులో వైటాన్ అంటారు. ఇథనాల్‌కి ఓర్చుకుంటుంది. పెట్రోలుని ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో 40 పి.ఎస్.ఐ. పైన ఒత్తిడికి వాడేది. నా కార్బ్యురేటర్ బండికి అయిదారు దాటదు. ఎక్కువే, కానీ మొన్నటి నుంచి నాకు ఎక్కువే కావాలి. లోపల ఏం జరుగుతోందో బొత్తిగా కనపడదు. మీ ఒంటి మీద చూశాను, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క అక్షరం లేదు.

చలిమిడి మేనకోడలు నోటిదాకా తెచ్చుకుని పక్కన పెట్టేసింది. మావయ్య మీద గౌరవంతో ఏమీ అనలేదు.

నిన్న ప్రహరీగోడ పనికి వచ్చిన తాపీమేస్త్రి "లెవెల్ పైపేమైనా ఉందా మాస్టారూ" అన్నాడు. ఆ రెండు మీటర్లూ ఇచ్చాను. నీళ్ళు నింపి, బుడగలు పోయేదాకా తట్టి, రెండు వైపులా పెన్సిలు గీత పెట్టాడు. నేను వెళ్ళి చూశాను. నూలుమందం తేడా లేదు. లోపల నీళ్ళు ఎంత బాగా కనపడుతున్నాయో.

ఇట్లు,
చలిమిడికి పెట్రోలు వాసన పట్టించిన
సైన్సు మాస్టారు, రాజోలు