గీత గీసినప్పుడు వాళ్ళింకా దోస్తులే

కొరియా మీద మన తెలుగు టైమ్‌లైన్లలో ఏ పోస్టు పడినా కాసేపట్లో కింద రెండు బ్యాచ్‌లు దిగిపోతాయి. రాదుగ వాళ్ళ సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన బ్యాచ్ ఒకటి, డాలస్ నుంచి టైప్ చేసే బ్యాచ్ ఇంకోటి. వీళ్ళేమో అమెరికా సామ్రాజ్యవాదం ఆ దేశాన్ని నరికింది అంటారు, వాళ్ళేమో కాదు కమ్యూనిజం నరికింది, కావాలంటే చూడండి అని ఆ రాత్రిపూట శాటిలైట్ ఫోటో పెడతారు, పైన ఉత్తర కొరియా చీకటి, కింద దక్షిణ కొరియా వెలుగు. ఆ ఫోటో పడకుండా ఒక్క గొడవా పూర్తవదు. ఇద్దరూ మర్చిపోయే సంగతి ఏంటంటే కొరియాని ఉత్తరం, దక్షిణం అని విడదీసిన గీత గీసిన రోజుకి అమెరికా, రష్యా శత్రువులు కాదు, ఒకే జట్టు. సిద్ధాంతాల గొడవ తర్వాతొచ్చింది, గీత ముందొచ్చింది.

1945 ఆగస్టు 8న రష్యా జపాన్ మీద యుద్ధం ప్రకటించింది. వాళ్ళ సైన్యం కొరియాలోకి వచ్చేస్తోంది, అమెరికా సైన్యమేమో దరిదాపుల్లో లేదు, ఎక్కడో ఒకినావాలో ఉంది. వాషింగ్టన్‌లో కంగారు మొదలైంది. 10వ తేదీ రాత్రి డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు కల్నల్స్‌ని పిలిచి రష్యావాళ్ళని ఎక్కడ ఆపమందామో చూసి చెప్పండి అన్నారు. టైమ్ అరగంట, చేతిలో ఉన్నది నేషనల్ జియోగ్రాఫిక్ మ్యాప్. సియోల్ మనవైపు పడితే చాలనుకుని 38వ అక్షాంశం అని చెప్పేశారు. మొత్తం కొరియా తీసుకోగలిగే పొజిషన్‌లో ఉండి కూడా స్టాలిన్ కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. కొరియావాళ్ళలో ఒక్కడినీ అడిగింది లేదు. ఓంజిన్ అని ఒక ద్వీపకల్పం ఉంది, అది గీతకి దక్షిణంగా పడింది కానీ నేల మీద నడిచి అక్కడికి వెళ్ళాలంటే ఉత్తరం జోన్లోంచే వెళ్ళాలి, అంత చక్కగా గీశారు! ఆ రస్క్ గారే తర్వాత ఎనిమిదేళ్ళు అమెరికా విదేశాంగ మంత్రి, వియత్నాం టైమ్‌లో.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, యుద్ధం చేసింది జపాన్. కొరియా 1910 నుంచి జపాన్ కాళ్ళ కింద నలిగిన దేశం. జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలో ఉత్తరం సగం మాకివ్వండి అని స్టాలిన్ అడిగితే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కుదరదన్నాడు, జపాన్ ప్రధాన దీవులు ముక్కలవకుండా ఒక్క అమెరికా జనరల్ మెకార్థర్ కిందే ఉన్నాయి, 1952లో మళ్ళీ స్వతంత్ర దేశమైపోయింది. అంటే దొంగ ఇల్లు చెక్కుచెదరలేదు, దోపిడీ అయిన ఇంటికి మాత్రం మధ్యలో గోడ కట్టారు. పైగా 1950లో కొరియా తగలబడుతుంటే అమెరికా సైన్యం ఇచ్చిన ట్రక్కుల ఆర్డర్లతో దివాలా అంచున ఉన్న టొయోటా నిలబడింది. ఇది ఏ సిద్ధాంతం ప్రకారం న్యాయమో రెండు బ్యాచ్‌లలో ఎవరైనా చెప్పండి.

కొరియావాళ్ళకి పాలించుకోవడం రాదు కాబట్టి పెద్దవాళ్ళు చూసుకున్నారు అనే వాదన కూడా చూశా. అబద్ధం. జపాన్ చేతులెత్తేయగానే ఊరూరా ప్రజా కమిటీలు పుట్టాయి, యో ఉన్ హ్యోంగ్ అనే స్వాతంత్ర్య నాయకుడి వాళ్ళు సెప్టెంబర్ 6న సియోల్‌లో రిపబ్లిక్ అని ప్రకటించేశారు కూడా. సెప్టెంబర్ 8న అమెరికా జనరల్ హాడ్జ్ సైన్యంతో దిగి దాన్ని గుర్తించేది లేదన్నాడు, మొదట్లో జపాన్ అధికారుల్నే కుర్చీల్లో ఉంచుదాం అనుకున్నాడు, జనం తిరగబడితే మానుకున్నాడు కానీ జపాన్ కింద లాఠీ పట్టిన పోలీసులు మాత్రం అలాగే ఉండిపోయారు. ఎర్ర బ్యాచ్ ఇక్కడ చప్పట్లు కొట్టకండి, మీవాళ్ళ సంగతీ ఉంది. రష్యావాళ్ళు ఆ కమిటీల్ని ఉంచినట్టే ఉంచి మెల్లగా తమ మనుషుల్ని నింపారు. కొరియా గాంధీ అని జనం పిలుచుకున్న చో మాన్ సిక్, ఇంకొన్నేళ్ళు పెద్ద దేశాల పెత్తనం మాకొద్దు అన్నందుకు 1946 జనవరిలో ఆయన్ని ప్యాంగ్యాంగ్‌లో ఒక హోటల్లోంచి కాలు బయటపెట్టనివ్వకుండా బంధించారు. ఎర్రసైన్యంలో కెప్టెన్‌గా చేసిన కిమ్ ఇల్ సంగ్ ఉత్తరంలో గద్దెనెక్కాడు, దశాబ్దాలు అమెరికాలో ఉండి వచ్చిన సింగ్‌మన్ రీ దక్షిణంలో. మధ్యలో నిలబడి కలిసుందాం అన్నవాళ్ళు ఏమయ్యారంటే, యోని 1947లో కాల్చేశారు, ఐక్యత కోసం ప్యాంగ్యాంగ్ వెళ్ళొచ్చిన స్వాతంత్ర్య నాయకుడు కిమ్ గుని 1949లో ఒక ఆర్మీ లెఫ్టినెంట్ కాల్చేశాడు.

1948 వచ్చేసరికి పెద్దన్నలిద్దరికీ యూరప్‌లో పూర్తిగా చెడింది, ఆ సెగ ఇక్కడ గీతని గట్టిపరిచేసింది. కరెంట్ ఎక్కువగా ఉత్తరంలో తయారయ్యేది, బియ్యం ఎక్కువగా దక్షిణంలో పండేది, ఒకదాన్నొకటి ఆనుకుని బతికే దేశం అది. మే 10న దక్షిణంలో విడిగా ఎలక్షన్ పెట్టారు, నాలుగు రోజులకి ఉత్తరం కరెంట్ కట్ చేసింది. ఆ ఎలక్షన్ వద్దని తిరగబడ్డ జెజు ద్వీపంలో అణచివేత ఏళ్ళపాటు సాగింది, తర్వాత దక్షిణ కొరియా ప్రభుత్వ కమిటీయే 25 వేల నుంచి 30 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. జూన్ 1950కి ముందు శాంతిగా ఉండేదనుకునేవాళ్ళు ఇది చదవాలి. ఆ తర్వాత మూడేళ్ళ యుద్ధం, సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది, లక్షలకి లక్షల మంది పోయారు, చివరికి 1953 జులై 27న ఆగింది ఎక్కడయ్యా అంటే దాదాపు మొదలైన చోటే. (మనకున్న చిన్న లింకు: మేం ఇళ్ళకి తిరిగి వెళ్ళం అన్న యుద్ధ ఖైదీల సంగతి తేల్చడానికి జనరల్ తిమ్మయ్య చైర్మన్‌గా మన సైన్యం వెళ్తే, సింగ్‌మన్ రీ మా నేల మీద కాలు పెట్టొద్దన్నాడు, ఓడల దగ్గర్నుంచి హెలికాప్టర్లలో నేరుగా రెండు కొరియాల మధ్య జోన్లో దింపాల్సొచ్చింది.)

సరే, ఆ రెండు సిద్ధాంతాలకి పడదు కాబట్టి ఇదంతా తప్పనిసరిగా జరిగేదే అంటారా? మరి ఆస్ట్రియా సంగతేంటి? హిట్లర్ పుట్టిన దేశం, నాలుగు సైన్యాలు నాలుగు జోన్లుగా పంచుకున్న దేశం, వియన్నా కూడా బెర్లిన్ లాగే ముక్కలే. కానీ 1945 ఏప్రిల్లో రష్యావాళ్ళు కూర్చోబెట్టిన, ఆస్ట్రియా నాయకుడు రెన్నర్ ప్రభుత్వాన్ని అక్టోబర్‌లో మిగతా ముగ్గురూ గుర్తించారు. నవంబర్‌లో దేశమంతటికీ ఒకే ఎలక్షన్, 165 సీట్లలో కమ్యూనిస్టులకి వచ్చినవి 4, అయినా రష్యా తన జోన్‌ని కోసుకుపోలేదు. పదేళ్ళు సాగదీసినా 1955లో ఒప్పందం కుదిరింది, అందరూ సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు, దేశం ఒక్క ముక్కగా మిగిలింది. అవే రెండు సిద్ధాంతాలు, 1945లో అదే స్టాలిన్, అదే ట్రూమన్. తేడా ఏంటంటే అక్కడ దేశానికంతటికీ ఒక ప్రభుత్వాన్ని ఒప్పుకున్నారు, కొరియాలో ఉన్నదాన్ని ఒకళ్ళు తోసేశారు, ఇంకొకళ్ళు మింగేశారు.

1983లో దక్షిణ కొరియా ఛానల్ కేబీఎస్ టీవీ తప్పిపోయినవాళ్ళని కలపడానికి లైవ్ ప్రోగ్రాం పెడితే 138 రోజులు నడిచింది, 10 వేలకి పైగా కుటుంబాలు కలిశాయి, అదీ దక్షిణంలోనే అటూఇటూ అయిపోయినవాళ్ళు. గీతకి అవతల ఉన్నవాళ్ళకి ఆ ఛాన్స్ కూడా లేదు. రెండు ప్రభుత్వాలూ కలిసి పెట్టిన కలయికలు కూడా 2018 ఆగస్టుతో ఆగిపోయాయి.

కామెంట్లలోకి వచ్చేవాళ్ళకి ముందే చెప్తున్నా, 1950 జూన్ 25న యుద్ధం ఎవరు మొదలెట్టారు అని అక్కడికి లాగొద్దు. కిమ్ ఇల్ సంగ్ మొదలెట్టాడు, స్టాలిన్ సరే అన్నాడు, నాకు ఆ విషయంలో గొడవ లేదు. శాటిలైట్ ఫోటో కూడా పెట్టొద్దు, చూశాం. వియన్నాలో కుదిరింది సియోల్‌లో ఎందుకు కుదరలేదో చెప్పగలిగితే మాత్రం రాయండి, ఎంత పొడుగైనా చదువుతా.