గోదాములో ఉన్నదంతా స్టాకేనా?

రొయ్యల ప్లాంటుకో రైస్ మిల్లుకో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ (ఏది ఎంత కొనాలో, ఎప్పుడు తయారుచేయాలో లెక్కగట్టేది) అమ్మడానికి వచ్చినవాళ్లు డెమోలో చూపించే సరుకు మహా బుద్ధిగా ఉంటుంది. ఒక కోడు, ఒక ధర, ఒక గోదాము. భీమవరం, మండపేట చుట్టుపక్కల అసలు గోదాముల్లో మాత్రం వేరేవాళ్ల సరుకు, ఒక కొనుగోలుదారు కోసం ప్యాక్ చేసి ఆగిపోయిన సరుకు, ల్యాబ్ రిపోర్టు రావాల్సిన సరుకు పక్కపక్కనే ఉంటాయి. తేడా చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ అన్నిటినీ కూడేస్తుంది. ఆ మొత్తాన్ని నమ్ముకుని కొనుగోళ్లు ఆపేస్తే, లోడింగ్ రోజున మొదలవుతుంది టెన్షన్.

రైస్ మిల్లునే చూడండి. ప్రభుత్వం కొన్న ధాన్యం కస్టమ్ మిల్లింగ్‌కు, అంటే బియ్యం ఆడించి తిరిగివ్వడానికి వస్తుంది. క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. ఆ ధాన్యం మిల్లరుది కాదు కాబట్టి సొంత ఆర్డర్లకు లెక్కేసుకోకూడదు. అలాగని సిస్టమ్‌లోకే ఎక్కించకుండా విడిగా పుస్తకంలో రాసుకుంటే ఇంకో చిక్కు. ధాన్యం మనది కాకపోయినా ఆడించే మిషను మనదే, డ్రయ్యరు మనదే, బస్తాలు పేర్చే స్థలమూ మనదే. దాళ్వా (రబీ) ధాన్యం వచ్చిపడే రోజుల్లో మిల్లు ఖాళీగా ఉందనుకుని సిస్టమ్ సొంత ఆర్డర్లకు తేదీలు ఇచ్చేస్తుంది. మెటీరియల్ లెక్కలో కనపడకుండా, మిషను గంటల లెక్కలో కనపడాల్సిన సరుకు ఇది. నూకలు, తవుడు కూడా ఎవరూ ఆర్డరు పెట్టకపోయినా పుట్టుకొచ్చేవే. వాటినీ రాబోయే సరుకుగా ముందే చూపించాలి.

ఈ సదుపాయాలు సాఫ్ట్‌వేర్లలో లేక కాదు. ఒరాకిల్‌లో ఒక్కో సబ్‌ఇన్వెంటరీని (గోదాములో విడిగా చూపే ఒక భాగాన్ని) ప్లానింగ్ లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ‘నెట్టబుల్’ గుర్తుతో చెప్పొచ్చు. ఎస్‌ఏపీలో క్వాలిటీ పరీక్షలో ఉన్న సరుకును ఎంఆర్‌పీ (ఏ సరుకు ఎంత కావాలో తేల్చే లెక్క) మామూలుగా అందుబాటులో ఉన్నట్టే చూస్తుంది, బ్లాక్ చేసినదాన్ని వదిలేస్తుంది. యాంటీబయాటిక్ పరీక్ష ఫలితం రాని రొయ్యల లాటు (ఒక విడత సరుకు) ఈ రెంటిలో దేని కింద పడాలో ఇన్‌స్టాల్ చేసే రోజునే తేల్చుకోవాలి. నన్నడిగితే రిపోర్టు వచ్చే తేదీ వేసి, ఆ రోజు నుంచే లెక్కలోకి వచ్చేలా పెట్టడం మేలు.

అసలు గందరగోళం కొనుగోలుదారు పేరు అచ్చేసిన సరుకుతో. 2025 ఆగస్టు 27న మన ఎగుమతులు చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఇలాంటప్పుడు ఆర్డరు ఆగితే, పౌండ్ల లెక్కన ప్యాక్ చేసిన రొయ్య కోల్డ్ స్టోరేజీలో ఉండిపోతుంది. కిలోల్లో అడిగే యూరప్ కొనుగోలుదారుకు అది పూర్తయిన సరుకు కాదు. మళ్లీ ప్యాక్ చేయాలి, లేబుల్ మార్చాలి, కొత్త కార్టన్లు కావాలి. అంటే అది ముడిసరుకే. దానికి రీప్యాకింగ్ పేరుతో సిస్టమ్‌లో విడిగా జాబ్ (పని ఆర్డరు) తెరిస్తేనే కూలీల గంటలు, కార్టన్ల అవసరం ప్లానులోకి వస్తాయి.

చాలాచోట్ల ఇలాంటి ప్రతిదానికీ కొత్త ఐటమ్ కోడు తెరవమని సలహా ఇస్తారు. నాకు నచ్చదు. రెండేళ్లలో కోడ్ల అడవి తయారై, ఒకే 40 కౌంట్ (కిలోకు 40 తూగే) వనామీ రొయ్య పది పేర్లతో తిరుగుతుంది. కోడు ఒకటే ఉంచి లాటుకు యజమాని, కొనుగోలుదారు, స్థితి తగిలిస్తే సరిపోతుంది. స్థితిని మార్చే అధికారం సేల్స్ వాళ్ల చేతిలో ఉండకూడదు. సరుకును ఆపి ఉంచే హోల్డ్‌కు గడువు కూడా ఉండాలి, లేకపోతే వాడగలిగిన సరుకు లోపలే ఉండగా చెరువు గట్టున కొత్త సరుకు కొంటూనే ఉంటారు, బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది.