బహుమతి చీటీ కింద రెండు వాక్యాలు

మన పట్టణంలో జరుగుతున్న నీటిరంగుల ప్రదర్శనలో మొదటి బహుమతి ఎవరికొచ్చిందో ఫ్రేముకు అంటించిన చీటీ చెబుతుంది. ఎందుకొచ్చిందో మాత్రం గోడ మీద ఎక్కడా లేదు. మేం వెళ్లిన సాయంత్రం, పోటీలో బొమ్మ పెట్టిన ఒక కుర్రాడు నిర్వాహకుల్ని ఇదే అడిగాడు. ‘జ్యూరీ నిర్ణయమే ఫైనల్ బాబూ’ అన్నారు. అతను ఇంకేం మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయికి జవాబు దక్కాల్సింది.

బహుమతి పొందిన చిత్రం గోదావరి మీద సూర్యోదయం. పడవలు, రేవు, ఎర్రటి ఆకాశం. దూరం నుంచి కంటికి ఇంపుగానే ఉంది, గీసినవారి నేర్పును మేం తక్కువ చేయడం లేదు. దగ్గరికెళ్తే నీళ్ల మీది మెరుపులన్నీ చివర్లో, కింది కాగితం కనబడకుండా కప్పేసే చిక్కటి తెల్లరంగుతో పెట్టిన చుక్కలని తెలుస్తుంది. తెల్లరంగు వాడటం తప్పేం కాదు, పెద్ద పెద్ద చిత్రకారులూ వాడారు. కానీ ఈ పోటీ నిబంధనల కాగితంలో ‘పారదర్శకమైన నీటిరంగులు మాత్రమే’ అని స్పష్టంగా ఉంది. ఆ మాట చదివి తెల్లరంగు ట్యూబు ముట్టుకోనివాళ్లకు ఏం సమాధానం చెబుతారు?

హాల్లో కుడివైపు మూలన, ఫ్యాను వెనక ఇంకో బొమ్మ ఉంది. వానలో తడిసిన బస్టాండు. దానికి కన్సొలేషన్ బహుమతి కూడా లేదు. అందులో గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన పంచె మీద రంగన్నదే లేదు. పంచె చుట్టూ ఉన్న తడి గోడను మాత్రం నీలం కలిసిన బూడిదరంగుతో ఒక్క పూతలో దించారు. పంచె దానంతటదే తేలింది. మోకాలి దగ్గర మడత కోసం కాస్త పలచని నీడ, అంతే. మేం ఆ పంచె ముందు చాలాసేపు నిలబడిపోయాం.

ఈ పని ఎంత కష్టమో కుంచె పట్టినవాళ్లకు తెలుసు. పారదర్శకమైన నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. ఎక్కడ వదిలేయాలో కుంచె ముంచకముందే అనుకోవాలి. తైలవర్ణంలో తప్పు పోతే దానిమీద ఇంకో పూత వేసి కప్పేయవచ్చు, ఇక్కడ ఆ వీలుండదు. పైగా మన కోస్తా ఉక్కపోతలో కాగితం ఓ పట్టాన ఆరదు. సగం ఆరిన పూత మీద తడికుంచె తగిలితే పువ్వు విచ్చుకున్నట్టు ఒక మరక లేస్తుంది. అది చేయి జారి వచ్చిందా, కావాలని రప్పించిందా అన్నది పసిగట్టగలగాలి. జ్యూరీలో కూర్చునేవారి నుంచి మనం ఆశించే చూపు అది.

అలాంటి చూపు ఏం చేయగలదో గోదావరి తీరానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకప్పటి రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. చిత్రకారుడు దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకునేలా ప్రోత్సహించింది ఆయనే. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. 1923లో రామారావు తన ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. అంత చిన్న జీవితంలో అంత పని జరగడం వెనక, మొదట్లోనే సరిగ్గా చూసి వెన్నుతట్టిన ఒక గురువు ఉన్నాడు.

ఇప్పుడు చాలాచోట్ల తొలి వడపోత వాట్సాప్ ఫొటోలతోనే అయిపోతోంది. ఫోను రంగుల్ని పెంచి చూపిస్తుంది, పలచటి పూతల్ని మింగేస్తుంది. కొరియర్ ఖర్చు దండగని ఎంపిక వరకు అలా చేస్తే చేయవచ్చు. బహుమతి దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితాన్ని అద్దం లేకుండా, పగటి వెలుతురులో చేత్తో పట్టుకుని చూడాల్సిందే. జ్యూరీలో ఉన్నవారి సొంత శిష్యుల బొమ్మ వస్తే ఆ ఒక్కదానికి వారు మార్కులు వేయకుండా పక్కకు జరగాలి. ఇది అడిగి చెప్పించుకోవాల్సిన విషయం కూడా కాదు.

మేం గట్టిగా కోరేది ఒక్కటే. బహుమతి పొందిన ప్రతి చిత్రం కింద, ఎందుకిచ్చారో తెలుగులో రెండు వాక్యాలు రాయండి. ‘పంచె తెలుపు కాగితానిదే, తడి గోడ ఒకే పూతలో వచ్చింది. గొడుగు అంచు మాత్రం గట్టిపడింది’ అన్నంత మామూలుగా ఉంటే చాలు. టైము లేదంటారేమో. మూడు బహుమతులకు ఆరు వాక్యాలు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూసే సేపట్లో రాసేయవచ్చు. అలా రాయాలని ముందే తెలిస్తే బొమ్మను చూసే తీరు కూడా మారుతుంది. కారణం చెప్పాల్సినవారు చిత్రం ముందు ఇంకో నిమిషం ఆగుతారు.

ప్రదర్శన ఇంకా రెండు రోజులుంది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఈ ఊరివాళ్లే. రేపు పొద్దున తలుపులు తీసేలోపు ఆ చీటీలు అతికించవచ్చు. బొమ్మ పెట్టిన కుర్రాడి ఫోన్ నంబరు దరఖాస్తులోనే ఉంటుంది, అతన్ని కూడా పిలవండి.