డేస్ బెస్ట్ గారికి మలక్‌పేట నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ డేస్ బెస్ట్ గారి సముఖమునకు, మలక్‌పేట నుంచి ఒక పాత ఖాతాదారు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి. మీరు కుశలమేనని ఆదివారం పొద్దున పేపర్లో చూశాను. నా కుశలం అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి, నాలుగో రేసులో అయిపోయింది కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

మనకి ఇన్నేళ్ల పరిచయం. నా జీతంలో నీ వాటా మా పిల్లల ట్యూషన్ ఫీజు కన్నా క్రమం తప్పకుండా వెళ్లింది. అందుకని ఇక ‘నువ్వు’ అనేస్తున్నా, ఏమనుకోకు.

నువ్వెవరో తెలియని అదృష్టవంతులు కూడా ఇది చదవొచ్చు, వాళ్లకోసం రెండు ముక్కలు. హైదరాబాదు మలక్‌పేట మైదానంలో గుర్రప్పందేలున్న రోజు పేపర్లో ఓ మూల, గేటు బయట అమ్మే రేసు పుస్తకంలో కూడా, ప్రతి రేసుకీ ఒకటి, రెండు, మూడు అని గుర్రాల పేర్లు వేస్తారు. వాటన్నిటి కింద ఒక్కటంటే ఒక్క గుర్రం పేరు పెట్టుకుని ‘డేస్ బెస్ట్’ అని నువ్వు కూర్చుని ఉంటావు. ఇవాళ పరిగెత్తే ఇన్ని గుర్రాల్లో ఏది ఓడినా ఇది మాత్రం ఓడదు అని అర్థం. నువ్వెప్పుడూ ఆ మాట అనలేదనుకో, ఆ అర్థం మేమే తీసుకున్నాం.

ముందు నీ మాటతీరు సంగతి తేలుద్దాం. రేసుకి ముందు రోజుల్లో తెల్లవారుజామున గుర్రాలకి కసరత్తు చేయిస్తారు, ట్రాక్ వర్క్ అంటారు దాన్ని. ఎవరో ఓ పుణ్యాత్ముడు స్టాప్‌వాచీ పట్టుకుని మసక వెలుతురులో నిలబడి రాసుకుంటాడు, 800 మీటర్లు నిమిషంలో, అందులో ఆఖరి 600 మీటర్లు 45 సెకన్లలో అని. అంతవరకూ పేచీ లేదు, అంకె అంకే. ఆ అంకె పక్కన ఓ మాట తగిలిస్తావు చూడు, మా కొంప ముంచేది అదీ. ‘మూవ్డ్ ఫ్రీలీ’ అంటావు. ‘ప్లీజ్డ్’ అంటావు. ఎవర్ని ప్లీజ్ చేసిందయ్యా? ఆ స్టాప్‌వాచీ ఆయన్నా? ఆయన డబ్బు పెట్టాడా? ‘ఇన్ గుడ్ షేప్’ అంటే ఆరోగ్యంగా ఉందని. సంతోషం, నేను కూడా ఆరోగ్యంగానే ఉన్నాను, నా మీద ఎవరైనా కాస్తారా? వెనకటికి పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి గురించి చెప్పేవాడు, కుర్రాడు నెమ్మదస్తుడు, కాస్త మాటకారి, ఉద్యోగం ఇవాళో రేపో అని. తర్వాత ఎవరు నిలదీసినా అందులో ఒక్క మాట కూడా అబద్ధమని నిరూపించలేరు. నీ గురువు ఆయనే అయ్యుండాలి.

వీటన్నిటికీ తాతలాంటి మాట ‘నాట్ ఎక్స్‌టెండెడ్’. అంటే గుర్రాన్ని పూర్తి వేగంతో పరిగెత్తించలేదట, దాని దగ్గర ఇంకా బోలెడు ఉందట. దాచుకున్న వేగాన్ని అది ఆదివారం బయటికి తీస్తుందని, మేం దాచుకున్న డబ్బు బయటికి తీశాం. అది ఆదివారం కూడా దాచుకునే ఉంది.

ఇంకో సంగతి, ఇది నాకు బుర్రకెక్కడానికి పదేళ్లు పట్టింది. రేసుల్లో హ్యాండీక్యాపర్ అని ఒకాయన ఉంటాడు. ఏ గుర్రం ఎంత గట్టిదో లెక్కగట్టి, గట్టిదాని వీపు మీద 60 కిలోలు, నీరసపుదాని మీద 50 కిలోలు, ఇలా బరువులు కట్టడం ఆయన ఉద్యోగం. జాకీ తేలిగ్గా ఉంటే జీనులో సీసం బిళ్లలు పెట్టి మరీ ఆ లెక్క సరిచేస్తారు. ఎందుకయ్యా అంటే అన్ని గుర్రాలూ కలిసి ఒకేసారి గీత దాటాలి, అదీ ఆయన కల. అంటే ఏది గెలుస్తుందో ఎవరూ చెప్పలేకుండా చేయడానికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టారు. అదే రేసులో ఏది గెలుస్తుందో చెప్పడానికి నిన్ను పెట్టారు. ఆయన పని సరిగ్గా చేస్తే నువ్వు తప్పాలి, నువ్వు నెగ్గితే ఆయన లెక్క తప్పాలి. మరి మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ప్రతి ఆదివారం ఫెయిలవుతూ కూడా ఇద్దరూ ఇన్నేళ్లుగా అదే కుర్చీల్లో ఎలా ఉన్నారు? నన్ను మా ఆఫీసులో ఒక్క వోచరు తప్పు రాసినందుకు మెమో ఇచ్చారు.

నీ మీద కోపంతో ఓ వానాకాలం సీజన్ మొత్తం నోట్‌బుక్కు పెట్టాను. రోజూ నీ పేరు, కింద ఫలితం. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా, నేననుకున్నదానికన్నా ఎక్కువ సార్లే నెగ్గావు. సీజను చివర కూడితే మాత్రం డబ్బు తగ్గింది. ఇదేం మాయరా అని రెండు రాత్రులు కూర్చుని చూస్తే విషయం దొరికింది. పొద్దున పదికి పాతిక వచ్చేలా ఉన్న గుర్రం, నీ పేరు దాని మీద పడింది కాబట్టి, రేసు మొదలయ్యేవేళకి పదికి పదమూడైపోతుంది. జనమంతా ఒకే గుర్రం మీద ఎగబడితే భావ్, అంటే గెలిస్తే ఇచ్చే రేటు, పడిపోదూ మరి! పదికి పదమూడు చొప్పున నాలుగిట్లో మూడు గెలిచినా, నలభై పెట్టి ముప్పై తొమ్మిది తెచ్చుకోవాలి. నువ్వు తప్పితే పోవడం సరే, నువ్వు నిజమైనా పోతోందంటే నేనెవరితో చెప్పుకోవాలి?

ఓడిన రోజుల కింద కారణం కూడా రాశాను, అవి చదువుకుంటే పొద్దుపోతుంది. గేటు దగ్గర ఆలస్యంగా కదిలింది. లోపలి రెయిలు పక్క ఇరుక్కుపోయి దారి దొరకలేదు. ముందురోజు వాన, ట్రాక్ మెత్తబడింది. ఫాల్స్ రెయిల్స్, అంటే తాత్కాలికపు కంచె, పెట్టారు. దూరం తక్కువైంది, దానికి 1400 మీటర్లు ఉండాలి. తర్వాతి నెల 1400లో ఓడితే, దూరం ఎక్కువైంది, దానికి 1200 ఉండాలి. ఒకసారి కూడా ‘గుర్రం నెమ్మదిగా పరిగెత్తింది’ అని లేదు.

గ్యాలరీలో నా పక్కన ఓ చాచా కూర్చుంటాడు, చంచల్‌గూడ నుంచి వస్తాడు, ఉస్మానియా బిస్కట్ సగం నాకిచ్చి సగం తను తింటాడు. ఆయన పద్ధతి వేరు. పేపర్లో నీ గురించి ఒక్క అక్షరం చదవడు, ఎవరి పేరూ వేయని గుర్రం ఏదా అని వెతుకుతాడు. ‘బేటా, అందరూ చూసే పెళ్లికొడుక్కి కట్నం ఎక్కువ’ అంటాడు. మంచి లెక్కే అనుకుని నాలుగు వారాలు ఆయన వెనక నడిచాను. ఎవరూ పేరు వేయని గుర్రాల పేర్లు ఎందుకు వేయలేదో నాలుగు వారాల్లో బాగా అర్థమైంది. చాచా మాత్రం ఎప్పుడో ఒక తనాలా తగిలిందని, అంటే మొదటి మూడు గుర్రాల్నీ వరసతో సహా చెప్పాడని, ఇప్పటికీ ఆ ఒక్క సాయంత్రం మీదే బతికేస్తున్నాడు. పది గుర్రాల రేసులో ఆ వరసలు 720 ఉంటాయి. నేను గుణించి చూపిస్తే బిస్కట్ ఇవ్వడం మానేశాడు.

ఈ మైదానం ఇక్కడికి తెచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, మౌలాలిలో జరిగే రేసులు 1886లో మలక్‌పేటకి వచ్చాయి. ఆయన గుర్రాలు, ఆయన మైదానం, ఓడినా గెలిచినా డబ్బు ఊళ్లోనే ఉండేది. మనం మెట్రో దిగి వెళతాం, వచ్చేటప్పుడు కార్డులో బ్యాలెన్స్ ఉందో లేదో గేటు దగ్గర తెలుస్తుంది. అన్నట్టు దక్కన్ డెర్బీ అనే పెద్ద రేసు అక్టోబరు 2న పెట్టడం ఇక్కడ ఆనవాయితీ. గాంధీ జయంతి కదా, మందు షాపు మూత, మాంసం కొట్టు మూత, ఊరంతా నిష్ఠగా ఉంటుంది, మేం మాత్రం 2000 మీటర్ల నిష్ఠలో ఉంటాం.

ఇంట్లో నా తరఫున వాదించడానికి సుప్రీంకోర్టునే తెచ్చాను. గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం ఉన్న ఆట అని మద్రాసు రేసులకి సంబంధించిన కేసులో 1996లోనే తీర్పు ఇచ్చారు. కాగితం తీసి మా ఆవిడకి గట్టిగా చదివి వినిపించాను. అంతా విని ‘నైపుణ్యం ఎవరిదండీ?’ అంది. మళ్లీ చూశాను. గుర్రం వేగం, దమ్ము, శిక్షణ, జాకీ పనితనం, అన్నీ ఉన్నాయి. నా పేరు ఎక్కడా తగల్లేదు. ఇక సర్కారు వారికి ఈ నైపుణ్యం గొడవేమీ పట్టలేదు. నాకొచ్చే లాభం సంగతి వదిలేసి, కాసిన పందెం మొత్తం మీద జీఎస్టీ వేశారు, 2017 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40. అది దాటుకుని ఎప్పుడైనా పది వేలు మించి తగిలిందా, అందులో 30 శాతం ఆదాయపు పన్ను కింద కోసే ఇస్తారు. పోగొట్టుకున్నది మాత్రం ఏ కాగితంలోనూ చూపించుకోవడానికి లేదు. ఈ మైదానంలో ట్రాక్ వర్క్ చేయకుండానే ఇంతవరకూ ఒక్కసారీ ఓడనిది అంటే ఆ పన్ను గుర్రం ఒక్కటే. నువ్వు దాన్నెప్పుడూ డేస్ బెస్టుగా వేయవేం?

పెద్దవాళ్ల కథలు గుర్తుచేసుకున్నా ధైర్యం రావడం లేదు. మనకి తెలిసినంతలో మొట్టమొదటి గుర్రప్పందెం కద్రువకీ వినతకీ మధ్య. ఉచ్చైశ్రవమనే గుర్రం ఒళ్లంతా తెలుపేనని వినత టిప్పు, తోక నలుపని కద్రువ టిప్పు. వినత చెప్పిందే నిజం. కానీ రాత్రికి రాత్రి కద్రువ కొడుకులు, ఆ పాములు, తోకకి చుట్టుకున్నాయి. సరైన టిప్పు ఉన్నా వినత దాసీ అయింది, రేసుల్లో తప్పొప్పులు తేల్చే స్టీవర్డ్స్ విచారణ కూడా లేదు. నలుడి సంగతి ఇంకా అన్యాయం. గుర్రం మనసు అంతా చదివినవాడు, అశ్వహృదయం ఆయన చేతిలో విద్య. అంతటివాడు కూడా పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని, ఆ విద్యని ఋతుపర్ణుడికి ఇచ్చి, బదులుగా అక్షహృదయం, అంటే పాచికల విద్య, పుచ్చుకుంటే గానీ తిరిగి గెలవలేకపోయాడు. నాకు రెండు హృదయాలూ లేవు, ఉన్నదానికి బీపీ మాత్ర వేసుకుంటున్నాను.

కాబట్టి నా విన్నపం చిన్నది. మానెయ్యమని అనను, నువ్వు లేకపోతే ఆదివారం పొద్దున టీతో పాటు చదవడానికి నాకేం మిగులుతుంది? ఓడిన మర్నాడు, మిగతా ఏడు రేసుల ఫలితాల పక్కన, అదే సైజు అక్షరాల్లో, ‘నిన్న నేను తప్పాను’ అని ఒక్క లైను వెయ్యి. కారణం అక్కర్లేదు. వాన అక్కర్లేదు, రెయిలు అక్కర్లేదు. నా నోట్‌బుక్కులో ఆ కాలమ్ ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
నీ మాట మీద నిలబడి, బస్సుకి కూడా చిల్లర లేక మలక్‌పేట నుంచి నడిచొచ్చినవాడు

తా.క.: వచ్చే ఆదివారం ఐదో రేసులో పరిగెత్తే ఒక గుర్రం 600 మీటర్లు 44 సెకన్లలో చేసిందని, పైగా ‘నాట్ ఎక్స్‌టెండెడ్’ అని ఉంది. బరువు కూడా రెండు కిలోలు తగ్గిందట. చాచాకి చెప్పకు. ఆ 44 నిజమేనా, అచ్చుతప్పా?