ఫ్రిజ్‌లో పెట్టాం కదా అన్న ధీమా

హామ్, సలామీ, టర్కీ లాంటి డెలి మాంసం, అంటే ముందే ఉడికించో, నిల్వకు సిద్ధం చేసో ముక్కలుగా అమ్మే మాంసం, ప్యాకెట్ తెరిచి వారం దాటినా తినేస్తుంటాం. ఫ్రిజ్‌లోనే ఉంది కదా, ఏం కాదులే అనుకుంటాం. చాలా రకాల బ్యాక్టీరియా చల్లదనానికి నెమ్మదించే మాట నిజమే. లిస్టీరియా అనే బ్యాక్టీరియా దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది. 4 డిగ్రీల సెల్సియస్‌లోనూ అది మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఉప్పును తట్టుకుంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. పైగా వాసన మారదు, రంగు మారదు. ముక్కు దగ్గర పెట్టుకుని "బాగానే ఉంది" అని తేల్చేసే అలవాటు ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఉడికించిన మాంసమే కదా, మరి ఈ క్రిమి ఎక్కడిది? ఫ్యాక్టరీలో వేడికి చచ్చినా, చల్లారాక ముక్కలు కోసేటప్పుడో, ప్యాక్ చేసేటప్పుడో మళ్లీ అంటుకుంటుంది. షాపులో మాంసం ముక్కలు కోసే మెషీన్‌ని, అదే స్లైసర్‌ని ఓసారి దగ్గర నుంచి చూడండి. బ్లేడు తళతళలాడుతూ ఉంటుంది. దానికీ వెనకాల గార్డుకీ మధ్య సన్నటి సందులో, స్క్రూల చుట్టూ కొవ్వు, మాంసం తునకలు ఇరుక్కుంటాయి. గుడ్డతో తుడిస్తే అవి రావు, భాగాలు విడదీసి కడగాల్సిందే. లేదంటే పొద్దున కోసిన మాంసంలోని క్రిమి సాయంత్రం కోసిన మరో రకానికి చేరుతుంది. అమెరికాలో ఆహార భద్రతకు ప్రమాణంగా ఉన్న ఫుడ్ కోడ్ మామూలు గది వేడిలో వాడే స్లైసర్లను కనీసం 4 గంటలకోసారి శుభ్రం చేయాలంటోంది. మీ ముందు కోస్తున్న మెషీన్‌ని ఎప్పుడు కడిగారో అడగడానికి మొహమాటపడకండి.

2024లో అమెరికాలో ఏం జరిగిందో చూశాం. వర్జీనియా రాష్ట్రం జారట్‌లోని బోర్స్ హెడ్ అనే మాంసం కంపెనీ ప్లాంట్‌లో తయారైన మాంసంతో ముడిపడ్డ లిస్టీరియా వ్యాప్తిలో 19 రాష్ట్రాల్లో 61 మంది జబ్బుపడ్డారు, 10 మంది చనిపోయారు. అంతకుముందే ఆ ప్లాంట్‌లో బూజు, పురుగులు కనిపించాయని తనిఖీ అధికారులు రాసి పెట్టారు. రాశారు, ప్లాంట్ నడుస్తూనే ఉంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలొనీ అనే మాంసం ఉత్పత్తి వల్ల వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, రెండు వందల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అందుకే జాగ్రత్త బరువంతా తినేవాళ్ల నెత్తిన పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ తనిఖీలు గట్టిపడేదాకా ఇంట్లో మనం చేయగలిగింది మనం చేసుకోవాలి.

గర్భిణుల విషయంలో మరీ ముఖ్యం. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులతో సరిపోవచ్చు, కడుపులో బిడ్డ మాత్రం దక్కకపోవచ్చు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకు రక్తానికో, మెదడుకో పాకి ప్రాణం మీదికి తెస్తుంది. లక్షణాలు బయటపడటానికి కొందరిలో 70 రోజులు పట్టవచ్చు. రెండు నెలల కింద తిన్న శాండ్‌విచ్ ఎవరికి గుర్తుంటుంది? ఇలాంటివాళ్లకు జ్వరం వస్తే, డెలి మాంసం తిన్న సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. సమయానికి పట్టుకుంటే యాంటీబయాటిక్స్ పనిచేస్తాయి.

వేడికి మాత్రం లిస్టీరియా నిలవదు. ముక్కలు లోపలిదాకా 74 డిగ్రీలకు చేరేలా, పొగలు కక్కేలా వేడి చేసి తింటే చాలు. చల్లగా తినే రుచి పోతుందని బాధపడేవాళ్లున్నారు, నిజమే. కానీ కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఆ రుచి కొన్నాళ్లు వదులుకోవచ్చు.

ప్యాకెట్ మీద వేసిన తేదీ సీలు తీయనంతవరకే. తెరిచాక 3 నుంచి 5 రోజుల్లో అయిపోవాలి. తెరిచిన తేదీ పెన్నుతో ప్యాకెట్ మీదే రాసేయండి. కంపెనీ సరుకు వెనక్కి పిలిచిందని తెలిస్తే ప్యాకెట్ పారేసి ఊరుకోకండి. దాని నుంచి కారిన నీరు కింద అరలోకి, కూరగాయల డబ్బాలోకి చేరి ఉండొచ్చు. అరలు బయటికి తీసి, వేడి సబ్బునీళ్లతో మూలమూలలా రుద్ది, ఆరబెట్టాకే మళ్లీ సర్దండి.